చేతికా... చెవికా?

దీపావళికి రెండు రోజుల ముందు ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. బోనస్ ఖాతాలో పడిందని బ్యాంకు కబురు. అక్షరాలా పదివేల రూపాయలు!

విశాఖపట్నం రేవు దగ్గర ఓ ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే మధ్యతరగతి మనిషి ఆయన. నెల జీతం చేతికి రాకముందే దాని మీద పేర్లు రాసుంటాయి... పాలవాడు, స్కూటర్ పెట్రోలు, అమ్మాయి ఇంటర్ ఫీజు, నాన్న బీపీ మాత్రలు. ఎవరి పేరూ రాయని డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అదే ఈ బోనస్.

మెసేజ్ చూడగానే రెండు వస్తువులు ఆయన కళ్లముందు మెదిలాయి. ఒకటి, రెండొందల మీటర్ల లోతు నీళ్లకీ చలించని ఆటోమేటిక్ డైవింగ్ వాచీ. రెండోది, చెవుల్ని నిండుగా కప్పేసే మంచి హెడ్‌ఫోన్స్. పదివేలకి రెండూ రావు. ఏదో ఒకటే. చేతికా... చెవికా?

రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే ఎత్తితే ఇల్లాలు నవ్వేసింది. ‘‘ఇంట్లో వాచీ లేదా? పాటలు వినే యంత్రం లేదా?’’ అంది. నిజమే. రెండూ ఉన్నాయి. ఆరేళ్ల కిందట కొన్న సెల్లు డైవింగ్ వాచీ ఒకటి, తలమీంచి పెట్టుకునే హెడ్‌ఫోన్స్ ఒకటి. కానీ సరదా అనేది ‘ఉంది కదా’ అంటే ఊరుకునే రకం కాదు. ‘ఇంకొంచెం మంచిది’ అని చెవిలో పోరుతూనే ఉంటుంది.

పక్కన కూర్చున్న తండ్రికి ఈ గొడవేమీ సరిగా వినిపించలేదు. మనవరాలు ఫోన్‌లో వాచీ బొమ్మ చూపించి, ‘నీళ్లలోకి దిగినప్పుడు పెట్టుకునేది’ అని గట్టిగా చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని బొమ్మ చూశాడు. కొడుకుని చూశాడు. ‘‘ఏ నీల్లల్లోకి దిగుతావురా?’’ అన్నాడు.

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఎందుకంటే, సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఆయనకి ఈత రాదు!

రెంటికీ పుట్టిల్లు నౌకాదళమే

సరదా ఎక్కడ మొదలైందంటే ఆయన ఠక్కున చెబుతాడు. ఆర్కే బీచ్‌లో. 2002లో కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. కొత్తలో చూడటానికి వెళ్లినవాళ్లలో కాలేజీ కుర్రాడిగా ఆయనా ఉన్నాడు. ఇరుకు సందులాంటి ఆ ఉక్కుగొట్టంలో నడుస్తుంటే మీటర్లు, ముళ్లు, చెవులకు తగిలించుకునే పరికరాలు కనిపించాయి. బయట ఏముందో కళ్లతో చూడలేని చోట ముల్లునీ చెవినీ నమ్ముకుని బతికే మనుషులుంటారని ఆయనకి మొదటిసారి తెలిసింది.

ఆ తరవాత చదువుకుంటూపోతే తెలిసిందేమంటే, ఈ రెండు వస్తువులూ నౌకాదళాల చేతుల్లో పెరిగినవే! 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో కూర్చుని హెడ్‌ఫోన్స్ తయారుచేశాడు. అమెరికా నౌకాదళానికి పంపితే వాళ్లకి తెగ నచ్చేశాయి. ఎక్కువ పంపమంటే, ‘వంటగదిలో ఒకసారికి పదే చేయగలను’ అన్నాడట. వైర్‌లెస్ సందేశాలు వినే ఉద్యోగుల చెవులకు చేరాక గానీ అవి సంగీతం జోలికి రాలేదు. 1958లో మిల్వాకీ నగరానికి చెందిన జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. పాట నడుములో బెల్టుకు వేలాడుతూ బజారుకొచ్చేసింది.

వాచీ కథా అంతే. 1943లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యా అనే ఫ్రెంచివాళ్లు నీళ్లలో ఊపిరి పీల్చుకునే ఆక్వాలంగ్‌ని రూపొందించారు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని మునగడం అయితే తేలికైంది గానీ, కొత్త ప్రమాదం వచ్చిపడింది. సిలిండర్‌లో గాలి ఎన్ని నిమిషాలొస్తుందో లెక్క తప్పితే ప్రాణమే పోతుంది. స్విట్జర్లాండ్‌లో బ్లాంక్‌పాన్ కంపెనీని నడిపిన జాన్ జాక్ ఫీష్టర్‌కి స్వయంగా డైవింగ్ సరదా. ఓసారి నీళ్లలో సమయం మరచిపోయి గాలి అయిపోయే దాకా తెచ్చుకున్నాడు. ఫ్రెంచి నౌకాదళం మునక దళానికీ అప్పుడే వాచీ కావాల్సి వచ్చింది. అలా 1953లో ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ వచ్చింది. రోలెక్స్ సబ్‌మెరైనర్ కూడా ఆ కాలానిదే. జపాన్ సీకో తన మొదటి డైవింగ్ వాచీని 1965లో తెచ్చింది.

ఆ వాచీల్లో అసలు కిటుకు ముళ్లలో లేదు. డయల్ చుట్టూ ఉండే చక్రంలో ఉంది. దాన్ని బెజెల్ అంటారు. నీళ్లలోకి దిగేముందు దాని మీద ఉన్న చుక్కని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడతారు. తరవాత ఎప్పుడు చూసినా ఎన్ని నిమిషాలైందో తెలిసిపోతుంది. ఆ చక్రం ఒకవైపే తిరుగుతుంది. ఎందుకంటే పొరపాటున రాయికో పడవకో తగిలి కదిలినా, గడిచిన సమయం ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. మునిగినవాడు తొందరగా పైకొస్తాడు. నష్టం లేదు. అటువైపు తిరిగితే మాత్రం మనిషి దక్కడు. తప్పు జరిగినా ప్రాణం వైపే జరగాలన్న ఆ ఆలోచనంటే ఆయనకి ఎంత ఇష్టమో!

మరి ఈత రాని మనిషికి ఆ చక్రం ఎందుకూ? కుక్కర్‌లో పప్పు పెట్టినప్పటి నుంచి లెక్కించడానికి. స్కూటర్ పార్కింగ్‌లో పెట్టిన టైము గుర్తుకి. అమ్మాయి మోడల్ పరీక్ష రాస్తుంటే గంట చూడటానికి. వంటింటికి, పరీక్షకి అంతకన్నా మంచి గడియారం లేదంటాడు.

అట్టపెట్టె మీది అంకెలు

వాచీ డయల్ మీద ‘200 మీటర్లు’ అని ఉంటుంది. హెడ్‌ఫోన్స్ అట్టపెట్టె మీద ‘40,000 హెర్ట్జ్’ అని ఉంటుంది. కొనేవాడి మనసు దోచేది ఈ అంకెలే. కొత్తలో ఆయనా వాటికే పడిపోయాడు. ఇప్పుడు మాత్రం ఆఫీసులో ఎవరైనా వాచీ కొంటానంటే కాగితం మీద లెక్క వేసి మరీ చెబుతాడు.

నీళ్లలో ప్రతి పది మీటర్లకీ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. రెండొందల మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరు మీద ఇరవై కిలోల బరువు పడినట్టు. సరదాకి స్కూబా డైవింగ్ చేసేవాళ్లు మామూలుగా దిగే హద్దు నలభై మీటర్లే. అంటే రెండొందల మీటర్ల వాచీ కట్టుకున్నవాళ్లలో ఆ లోతు చూసేవాళ్లు కోటికొక్కరైనా ఉంటారో లేదో! ఈయన వాచీ చూసిన అతిపెద్ద లోతు... స్నానాలగదిలో బకెట్.

అలాగని ఆ అంకె అబద్ధం కాదు. డైవింగ్ వాచీకి ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కనీసం వంద మీటర్లు తట్టుకోవాలి. రాసిన లోతుకన్నా ఇరవై అయిదు శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. కటిక చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనిపించాలి. ఉప్పునీటికి, దెబ్బలకి, అయస్కాంతానికి ఓర్చుకోవాలి. తిరకాసు ఎక్కడంటే, మామూలు వాచీల మీద ‘30 మీటర్లు’ అని రాసి ఉంటే ముప్ఫై మీటర్లు మునగొచ్చని కాదు. చేతులు కడుక్కుంటే, చినుకులు పడితే ఫర్వాలేదని మాత్రమే. అది తెలియక వాచీతో సముద్రస్నానం చేసి, అద్దం లోపల ఆవిరి పట్టించుకున్నవాళ్లు బీచ్ ఊళ్లో ప్రతి వీధికీ ఒకరుంటారు.

చెవి లెక్క ఇంకా విచిత్రం. మనిషి చెవి వినగలిగేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. అదీ పసివయసులో. నడివయసు వచ్చేసరికి పైనున్న కొన్ని వేలు నిశ్శబ్దంగా జారుకుంటాయి. ఇక నలభైవేలు ఎవరికోసం? గబ్బిలాలకా?

ధరకీ, నాణ్యతకీ లంకె ఉందా అన్నది ఇంకో ప్రశ్న. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 రకాల హెడ్‌ఫోన్స్‌ని పరిశీలించి 2017లో ఓ పత్రం ప్రచురించాడు. ఏ శ్రుతిని ఎంత బిగ్గరగా పలుకుతాయనే తీరుకీ, వాటి ధరకీ సంబంధమే కనిపించలేదని తేల్చాడు. ఎక్కువ డబ్బుకి మెత్తటి దిండ్లు, గట్టి తీగ, అందమైన పెట్టె రావచ్చు. పాట బాగుంటుందన్న హామీ మాత్రం లేదు. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో అనే చిన్న హెడ్‌ఫోన్స్ ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతోందంటే మరి ఊరికేనా!

వాచీల్లోనూ అంతే. బిల్ గేట్స్ చేతికి క్యాసియో డైవింగ్ వాచీ కనిపించిందని ప్రపంచమంతా చెప్పుకుంది. అమెరికాలో కుటుంబంతో హోటల్లో ఓ పూట తినే ఖర్చుకి వచ్చే వాచీ అది. లక్షలు పోసి కొన్న చేత్తో తిప్పే యంత్రం కన్నా ఆ సెల్లు వాచీయే టైము కచ్చితంగా చెబుతుంది. సెల్లుతో నడిచేది నెలకి కొద్ది సెకన్లే తేడా చూపిస్తుంది. కదలికతో కీ ఎక్కే ఆటోమేటిక్ రోజుకే పది, ఇరవై సెకన్లు అటూ ఇటూ పోతుంది. అయినా ఆటోమేటిక్ ఎందుకు కావాలీ అంటే, ఆయన దగ్గర లెక్క లేదు. ‘‘మనం కదిలితేనే అది నడుస్తుంది. బాగుంటుంది’’ అంటాడు. లెక్కలు రాసే మనిషి లెక్క చెప్పలేని చోటు అదొక్కటే.

మన్నికలో ఎవరిది పైచేయి?

బోనస్ పడిన వారం రోజులూ ఆయన రాత్రిపూట నోట్‌బుక్కులో నిలువుగీత గీసి, అటు వాచీ, ఇటు హెడ్‌ఫోన్స్ రాసుకుంటూ కూర్చున్నాడు.

మన్నిక. ఇక్కడ వాచీదే గెలుపు. విశాఖ గాలిలో ఉప్పుంటుంది. తేమ ఉంటుంది. గేట్లు, కిటికీ ఊచలు తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వాచీ మాత్రం మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు. హెడ్‌ఫోన్స్ దిండ్లమీద ఉండే నకిలీ తోలు అలా కాదు. రెండు వేసవులు గడిచేసరికి నల్లటి పొరలుగా ఊడి, చెవుల మీద, మెడ మీద అంటుకుంటుంది. ఆయన మొదటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓసారి ఆఫీసుకి వెళితే, ‘చెవికి కాటుక పెట్టుకున్నావేంటి బాబాయ్?’ అని కుర్రాళ్లు ఏడిపించారు.

మరమ్మతు. ఇందులో చెరిసగం. తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ ముందుగా తెగేది పిన్ను దగ్గర. డాబాగార్డెన్స్‌లో ఏ చిన్న దుకాణంలోనైనా సోల్డరింగ్ పెట్టి అతికిస్తారు. తీగ లేని చిన్న ఇయర్‌బడ్స్‌కి ఆ భాగ్యం లేదు. లోపలి బ్యాటరీ నీరసించిందంటే మామూలుగా వాటి ఆయుష్షు చెల్లినట్టే. ఆటోమేటిక్ వాచీని శుభ్రం చేయించుకుంటూపోతే ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇవ్వొచ్చు. ఒక్కటే జాగ్రత్త. సెల్లు మార్చడానికి వెనక మూత తీయించినప్పుడు, లోపలి రబ్బరు రింగు చూడమనాలి, నీటి పరీక్ష చేయించాలి. లేదంటే రెండొందల మీటర్లు కాస్తా రెండు చెంబులైపోతాయి.

తోడు. వాచీ నలుగురిలో ఉంటుంది. బస్సులో పక్కవాడు టైమెంతని అడుగుతాడు. ‘బాగుంది, ఎక్కడ కొన్నారు?’ అంటాడు. మాట కలుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మనిషి ఇంట్లోనే ఉంటాడు గానీ ఇంట్లో ఉండడు. ఇల్లాలు మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. అందుకే ఆవిడ ఓటు ఎప్పుడూ వాచీకే!

సుఖం. ఇక్కడ మాత్రం హెడ్‌ఫోన్స్‌ని కొట్టేది లేదు. చిన్నప్పటి నుంచి వందలసార్లు విన్న పాటలో, చరణానికి ముందు గాయకుడు పీల్చిన ఊపిరి మొదటిసారి వినిపించిన రాత్రి ఆయనకి ఇంకా గుర్తు. వెనకెక్కడో ఘటం మోగుతోందని కూడా అప్పుడే తెలిసింది. పాత ఇంట్లో కొత్త గది బయటపడినట్టనిపించింది. వాచీ ఎంత మంచిదైనా కాలాన్ని కొత్తగా చూపించదు కదా.

లెక్క తేలలేదు. రెండు వైపులా సమానంగా వచ్చింది.

తండ్రి వాచీ కూడా ఈ గొడవలోకి వచ్చింది. ఆల్విన్ వాచీ అది. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980ల్లో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు తయారుచేసింది. చాలా తెలుగు ఇళ్లలో తొలి చేతిగడియారం అదే. పోర్టులో వించిల దగ్గర పనిచేసే రోజుల్లో ఆయన తండ్రి అది కట్టుకుని షిఫ్టుకి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ వాచీలు తయారుకావడం లేదు. ఈయన కొనాలనుకుంటున్నదీ సీకోయే. ‘నీ వాచీకి చుట్టమే నాన్నా’ అని కాగితం మీద రాసి చూపిస్తే పెద్దాయన నవ్వాడు. ‘‘అయితే నాదే బాగుచేయించుకోరాదేట్రా?’’ అన్నాడు.

కాగితం మీద రాసి! అవును. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో పెద్దాయనతో అలాగే మాట్లాడుతున్నారు. ఎవరూ దాని గురించి ఆగి ఆలోచించలేదు.

మూడువేల దగ్గర ఆగిన చెవి

ఆ ఆదివారం వాన. అందరూ ఇంట్లోనే ఉన్నారు. తన హెడ్‌ఫోన్స్ ఎంత బాగా పలుకుతున్నాయో చూసుకోవడానికి ఆయన ఫోన్‌లో ఓ పరీక్ష పెట్టుకున్నాడు. తక్కువ శ్రుతి నుంచి మొదలై కీచుమనే ఎక్కువ శ్రుతి దాకా ఒకే స్వరం పాకుతూ వెళుతుంది. ఎక్కడ వినిపించడం మానేస్తే అక్కడ చెయ్యెత్తాలి. ఆటలా ఉందని అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పదిహేడువేల హెర్ట్జ్ దాకా విన్నది. ఇల్లాలు పదిహేనువేల దగ్గర చెయ్యెత్తింది. ఆయన పద్నాలుగువేలకే ఆగిపోయాడు. ‘నాన్నా, నువ్వు ముసలాడివైపోయావ్’ అని అమ్మాయి ఎగిరింది.

‘‘తాతయ్యకీ పెడదాం!’’

పెద్దాయన మొదట వద్దన్నా మనవరాలి మాట కాదనలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. రెండువేలు దాటింది. తల ఊపుతున్నాడు. మూడువేల దగ్గర చెయ్యెత్తాడు. పొరపాటేమోనని మళ్లీ పెట్టారు. మళ్లీ అక్కడే. నాలుగువేల దగ్గర శబ్దం పెంచారు. ‘‘ఏటీ రాటం లేదు’’ అన్నాడు ఆయన మామూలుగా, ఆగిపోయిన రేడియో గురించి చెప్పినట్టు.

ఆట ఆగిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి తండ్రిని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఫోన్‌లో చేసింది పరీక్ష కిందికి రాదని, సరైన పద్ధతిలో చూద్దామని వాళ్లు శబ్దం లోపలికి రాని గదిలో కూర్చోబెట్టారు. అరగంట తరవాత చేతిలో ఓ కాగితం పెట్టారు. దాన్ని చూడగానే ఆయన గుండె గతుక్కుమంది. ఆ కాగితం కొత్తది కాదు. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్. ఏ హెడ్‌ఫోన్స్ కొనాలా అని ఆరేళ్లుగా రాత్రుళ్లు కూర్చుని చూసిన గీతలే అవి. గీత ఎక్కడ కుంగితే ఏ శబ్దం పోతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ మూడువేలు దాటగానే గీత కొండ అంచు మీంచి దూకినట్టు పడిపోయింది.

డాక్టరు వివరంగా చెప్పారు. చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో సన్నటి రోమకణాలుంటాయి. శబ్దాన్ని మెదడుకి అందించేవి అవే. ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్లలో పనిచేస్తే అవి చనిపోతాయి. మనిషిలో మళ్లీ మొలవవు. యంత్రాల చప్పుడు వల్ల పోయే వినికిడి ముందుగా నాలుగువేల హెర్ట్జ్ చుట్టుపక్కలే పోతుంది. ఆ పైన వయసు తన వాటా తాను తీసుకుంటుంది. పెద్దాయన ముప్ఫై ఏళ్లు వించిలు, క్రేన్ల మధ్య పనిచేశాడు. చెవులకి ఏ అడ్డూ పెట్టుకోలేదు.

తరవాత చెప్పిన మాటే ఆయన్ని నిలువునా కుదిపింది. మన మాటల్లో అచ్చులు కింది శ్రుతిలో ఉంటాయి. స, శ, ష, త, ట, ఫ లాంటి హల్లుల పదును పై శ్రుతిలో ఉంటుంది. పై శ్రుతులు పోయినవాళ్లకి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ‘‘వినబడుతోంది గానీ అర్థం కావట్లేదంటారు. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు’’ అన్నారు డాక్టరు.

పరధ్యానమనే అనుకున్నాడు. నాలుగేళ్లుగా! ‘ఒకటికి పదిసార్లు చెప్పాలి’ అని విసుక్కున్నాడు. టీవీ సౌండ్ పెంచితే అమ్మాయి చదువు పాడవుతోందని తగ్గించాడు. ఆ తరవాత పెద్దాయన టీవీ ముందుకి రావడమే మానేశాడు. రేడియో అలమారలోకి వెళ్లింది. చుట్టాలొస్తే వరండాలోకి వెళ్లి కూర్చోవడం మొదలైంది. ఎక్కడో అమెరికాలో, జపాన్‌లో తయారైన హెడ్‌ఫోన్స్ ఏ శ్రుతి దగ్గర తడబడతాయో ఆయనకి కంఠతా వచ్చు. పక్కగదిలో ఉన్న చెవి ఎక్కడ ఆగిపోయిందో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో స్కూటర్ మీద వెనక కూర్చున్న తండ్రితో ఏదో అనబోయి ఊరుకున్నాడు. గాలిలో ఎలాగూ వినిపించదు.

ఒకవైపే తిరిగే చక్రం

పదివేలు ఎటు వెళ్లాయో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. వినికిడి యంత్రానికి అవి చాలలేదు. పొదుపులోంచి ఇంకొంత తీశారు. ముందు ఒక చెవికి, వచ్చే ఏడాది రెండో చెవికి అని అనుకున్నారు.

యంత్రం తయారై రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. ఈలోగా ఆయన తన పాత సెల్లు డైవింగ్ వాచీ తీసి తండ్రి చేతికి కట్టాడు. ఆల్విన్ వాచీని బాగుచేయడానికి పాతపోస్టాఫీసు దగ్గర ముసలి మేస్త్రీకి ఇచ్చారు. పెద్దాయన రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేస్తాడు. టైము కోసం లైటు వేస్తే అందరికీ నిద్రాభంగమని చీకట్లోనే కూర్చుంటాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు. లావుపాటి ముళ్లు, ఆకుపచ్చగా వెలిగే చుక్కలు. సముద్రం అడుగున మసకలో కనబడాలని పెట్టినవి, చత్వారం వచ్చిన కళ్లకి మంచం మీద చక్కగా కనబడుతున్నాయి. ‘‘మంచిదేరా. దిగటానికి నీల్లే అక్కర్లేదు’’ అన్నాడు పెద్దాయన.

యంత్రం వచ్చింది. మొదటి రెండు రోజులూ ఆయనకి చిరాకే. గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు, కాగితం నలిగిన చప్పుడు... అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పోయిన వినికిడి మొత్తం తిరిగి రాదనీ, మెదడుకి మళ్లీ అలవాటు కావాలనీ డాక్టరు ముందే చెప్పారు. మూడోరోజు సాయంత్రం వరండాలో కూర్చుని వాచీ చక్రం తిప్పుతూ, కొడుకుని పిలిచాడు.

‘‘ఏరా, ఇది టిక్కుటిక్కుమంటాదా?’’

అంటుంది. ఎప్పుడూ అంటుంది. రెండు వారాలుగా తిప్పుతున్నా ఆయనకి ఆ రోజే వినిపించింది.

ఇంట్లో ఇంకో చెవి గురించి కూడా కంగారు పట్టుకుంది. అమ్మాయిది. కాలేజీ బస్సులో రెండు గంటలు ఇయర్‌బడ్స్ పెట్టుకుంటుంది. బస్సు రొద మించి వినబడాలని సౌండ్ పెంచుతుంది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలపాటు వినదగ్గ హద్దు 80 డెసిబెల్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90కి పెంచితే ఆ 40 గంటలు కాస్తా 4 గంటలకి పడిపోతాయి. పిల్లల హద్దు ఇంకా తక్కువ. 12 నుంచి 35 ఏళ్లలోపు వాళ్లలో వందకోట్ల మందికి పైగా వినికిడి ముప్పులో ఉన్నారని ఆ సంస్థ 2022లో అంచనా వేసింది. తండ్రి చెప్పాడు. తల్లి చెప్పింది. అమ్మాయి ‘ఊఁ’ అంది, ఎప్పటిలాగే.

తాత మాత్రం ఏమీ చెప్పలేదు. తన కాగితం తెచ్చి ఆమె పుస్తకం మీద పెట్టాడు. కొండ అంచు మీంచి దూకిన గీతని వేలితో చూపించాడు. ‘‘మాకు చెప్పినోల్లు లేరు తల్లీ’’ అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆ ఇంట్లో ఓ కొత్త పద్ధతి వచ్చింది. సాయంత్రం అమ్మాయి చదువు ముగించి నాన్న పాత హెడ్‌ఫోన్స్ తీసుకుంటుంది. దిండ్లు కొత్తవి వేయించారు. సౌండ్ ఎంత ఉండాలో ఫోన్‌లో ముందే హద్దు పెట్టేశారు. ఆమె పాట మొదలుపెట్టగానే తాత వాచీ చక్రం తిప్పి చుక్కని నిమిషాల ముల్లు దగ్గర పెడతాడు. గంట కాగానే చెయ్యి చూపిస్తాడు. ‘ఇంకో పాట తాతయ్యా!’ అని బతిమాలినా వినడు. చక్రం వెనక్కి తిరగదు కదా అంటాడు. ఆ తరవాత ఆమె హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి, అలమారలోంచి బయటికొచ్చిన రేడియో పెడుతుంది. అది అందరూ వినేది.

ఆటోమేటిక్ వాచీ సంగతేమైందీ అంటారా? నోట్‌బుక్కులో నిలువుగీత అలాగే ఉంది. ఆయన చేతికి ప్రస్తుతం మేస్త్రీ బాగుచేసిన ఆల్విన్ ఉంది. రోజుకి అర నిమిషం వెనకబడుతుంది. పొద్దున్నే కాఫీ తాగుతూ తండ్రి చేతి వాచీ చూసి సరిచేసుకుంటాడు. ‘టైమెంతైంది నాన్నా?’ అని అడుగుతాడు, మామూలు గొంతుతోనే. ఒక్కసారికే జవాబు వస్తుంది.

వచ్చే దీపావళి బోనస్ మీద మాత్రం అప్పుడే పేరు రాసేశారు. రెండో చెవికి!